మా నాయనమ్మ పెట్టిన కూత

నా చిన్నప్పుడు ఎండలు ముదిరాయంటే చాలు, మా ఊరి ఆడవాళ్లంతా తెల్లారకముందే బీడీలు చుట్టే తునికాకు తెంపడానికి అడవికి పోయేవాళ్లు. ముందు మా నాయనమ్మ, ఆమె కొంగు పట్టుకుని నేను. అడవిలోకి పోయాక తలా ఒక దిక్కు చెదిరిపోతారు గదా, అందుకని మాకో పద్ధతి ఉండేది. ఎలుగుబంటి జాడ కనబడినా, కాలు బెణికినా, ఊరికే భయమేసినా సరే, 'కూ...' అని గొంతెత్తి కూత పెట్టాలి. విన్నవాళ్లు బదులు కూత పెట్టి, చేతిలో ఆకు ఎక్కడిదక్కడ పడేసి అటే పరుగెత్తాలి. ఎందుకు, ఏంది అని అడగడం అక్కడికి చేరాకనే. ఓసారి కోతిని చూసి జడుసుకుని నేను కూత పెడితే అందరూ ఉరికి వచ్చారు. నవ్వారే గానీ ఒక్కరూ తిట్టలేదు.

మా పక్కింటి అక్క నవ్విందంటే అడవంతా వినబడేది. ఆమె మొగుడు బొగ్గుబాయిలో పని చేసేవాడు. అతను సెలవు మీద ఇంటికొచ్చిన రోజుల్లో అక్క ఆకుకు వచ్చేది కాదు. తర్వాత కమిలిన మొహంతో వచ్చేది. జారిపడ్డానంటే అందరం తలూపేవాళ్లం, నమ్మి కాదు.

అతను ఇంటికొచ్చి ఉన్న ఒక రోజు మధ్యాహ్నం మా అరుగు మీద ఆకు కట్టలు కడుతున్నాం. పక్కింట్లోంచి ముందు గిన్నెలు పడ్డ చప్పుడు, ఆ వెంటనే అక్క కేక. ఎదురింటి అరుగు మీద మగవాళ్లు చుట్టలు కాలుస్తున్నారు. 'ఆలుమొగల లొల్లి, మనమెట్ల పోతం' అన్నాడు ఒకాయన. ఇంకో కేక వచ్చి, గొంతు నొక్కినట్టు మధ్యలోనే తెగిపోయింది. చంపేస్తున్నాడనుకున్నాను.

మా నాయనమ్మ దిగ్గున లేచింది. ఒడిలోని ఆకంతా నేలపాలైంది. వీధి నడుమ నిలబడి, అచ్చం అడవిలో పెట్టినట్టే కూత పెట్టింది. అమ్మో, ఆ కూత! ఊళ్లో అట్లా ఎవరూ పెట్టరు. ఇంటింటి నుంచీ బదులు కూతలు లేచాయి. పిండి చేతులతో ఒకామె, తడి జుట్టుతో ఇంకొకామె, చంకలో పిల్లతో మరొకామె, వాడంతా వచ్చి పడింది. 'ఎలుగొచ్చిందా అవ్వా?' అని అడిగారు. 'అవ్, ఇంట్ల చొచ్చింది, నడువుండ్రి' అంది.

తలుపు తోసుకుని పోయేసరికి అతను అక్క జుట్టు పట్టుకుని ఉన్నాడు. నా పెళ్లాం, నా ఇష్టమని అరిచాడు. మా నాయనమ్మ గొంతు పెంచలేదు. 'అడవిల ఎలుగు మీద పడ్డా, ఇంట్ల మొగుడు మీద పడ్డా పానం ఒక్కటే బిడ్డా. చెయ్యి తియ్యి' అంది. అంతమంది చూస్తుండగా ఆ చెయ్యి మెల్లగా జారింది. మా నాయనమ్మ అక్కను మా ఇంటికి తీసుకొచ్చి, దెబ్బలకు పసుపు అద్ది, అంబలి తాగించింది.

పొద్దుగూకకముందే పెద్దమనుషులు మా వాకిట్లో చేరారు. మొగుడూ వచ్చాడు. ఈ ఒక్కసారికి సర్దుకుపొమ్మని పెద్దలు అక్కకు చెప్పారు. మొగుడితో పోతావా అని అడిగారు. అక్క తరఫున మా నాయనమ్మే మాట్లాడుతుందని అందరం అనుకున్నాం. ఆమె మాత్రం, 'పానం దానిది, మాట గూడ దానిదే' అని ఊరుకుంది. అక్క పెదాలు కదులుతున్నాయి గానీ మాట రావడం లేదు. పెద్దల ముందు పోనని చెప్పడం ఆమెకెవరు నేర్పారు గనక? ఎక్కడ పంపించేస్తారోనని నాకు ఏడుపు తన్నుకొచ్చింది. అప్పుడు అక్క కళ్లు మూసుకుని, పగిలిన పెదవులతోనే, సన్నగా 'కూ...' అంది.

వాకిలి చుట్టూ నిలబడ్డ ఆడవాళ్లంతా బదులు పెట్టారు. నేనూ పెట్టాను. ఇంక అడగడానికేమీ మిగల్లేదు, పెద్దమనుషులు కండువాలు దులుపుకుని లేచారు. అక్క మా ఇంట్లోనే ఉండిపోయింది. వాపు తగ్గాక మాతో ఆకుకు వచ్చింది. మా నాయనమ్మ ఏదో అంటే మళ్లీ ఆ నవ్వు నవ్వింది.

ఇప్పుడు చట్టాలున్నాయి, ఫోన్ చేస్తే పోలీసులొస్తారు. మంచిదే, నేనూ చేస్తాను. ఖమ్మంలో నా కొడుకుతో పాటు నేనుంటున్న కిరాయింటి పైవాటాలో అప్పుడప్పుడూ ఒక ఆడపిల్ల ఏడుపు వినబడుతుంది. మా కోడలు 'మనకెందుకత్తమ్మా' అనేది. నాకు మా నాయనమ్మంత గొంతు లేదు, మోకాళ్లు అసలే మాట వినవు. అయినా చెప్పులేసుకుంటాను. 'కూత వినబడ్డంక ఆగొద్దు బిడ్డా' అంటూ మెట్లెక్కుతాను. మొన్న మాత్రం నేను చెప్పులు వెతుక్కునేలోపే మా కోడలు పైకెళ్లి తలుపు కొడుతోంది.