ఒకే పడుగున రెండు చీరెలు

డెబ్బయి మూడు ప్రదర్శనల్లో రాణి వేషం కట్టి పాడినది ఒక స్త్రీ. ఆ డెబ్బయి మూడింటికీ వేసిన కరపత్రాల మీద అచ్చయినది ఒక పురుషుడి పేరు. చప్పట్లు ఆయనకు చెందాయి, పతకాలు ఆయన మెడలో పడ్డాయి. ఇప్పుడు, ఈ 1949లో, నాట్యమండలి వారు తమ రజతోత్సవ సంచికలో రాణి ఫొటో కింద మళ్ళీ ఆయన పేరే కూర్పించారు. అచ్చుకు ముందు దిద్దుబాటుకు తీసిన కాగితం చూసిన మీదటనే ఈ మాట రాయవలసి వచ్చింది.

ఆ స్త్రీ పేరు చౌడేశ్వరమ్మ. మంగళగిరి.

ఆమెది మగ్గం మీద బతికే ఇల్లు. తల్లి పురిట్లోనే పోతే మేనత్త రాఘవమ్మ పెంచింది. పదహారో ఏట పెళ్ళయింది. భర్త షోలాపూరు మిల్లులో పనికని వెళ్ళి రెండు ఉత్తరాలు రాశాడు. మూడోది రాలేదు. మేనత్తా మేనకోడలూ ఇద్దరే ఆ ఇంట్లో మిగిలారు. మగ్గం ఆడుతున్నంతసేపూ చౌడేశ్వరమ్మ ఏదో ఒకటి పాడుకునేది. మగ్గం ఆగితే పాట కూడా ఆగిపోయేది. ఆ నిశ్శబ్దం ఆమెకు చిన్నప్పటినుంచీ భయం.

1942లో నూలు దొరకడం గగనమైంది. నేసిన నాలుగు చీరెలూ మూట కట్టుకుని ఇద్దరూ రైలెక్కి కృష్ణ దాటి బెజవాడ వన్ టౌన్‌లో మల్లేశ్వరరావు గారి బట్టల కొట్టుకు వచ్చారు. అప్పుడక్కడ గుడివాడ వైపు నుంచి వచ్చిన ఒక ఆసామి ఇంటి ఆడవాళ్ళు బేరం చేస్తున్నారు. కొట్ల ఆచారం ప్రకారం గుమాస్తా పైట కొంగు తన భుజాన వేసుకుని అటూ ఇటూ తిరిగి చూపిస్తున్నాడు.

"ఆ మీసాల కింద ఏ చీరెయినా ఒకలాగే ఉందండీ," అన్నది వాళ్ళలో పెద్దావిడ.

అందరూ నవ్వారు, గుమాస్తా తప్ప. చౌడేశ్వరమ్మ ఏమనుకున్నదో, మూటలోంచి తమ చీరె తీసి కట్టుకున్న చీరె మీదే కుచ్చెళ్ళు పోసి, కొంగు వదిలి, కదలకుండా నిలబడింది. జరీ అంచు మెడ దగ్గర నుంచి పాదం దాకా ఒక్క వంకర లేకుండా దిగింది. ఆ పూట నాలుగు చీరెలూ అమ్ముడుపోయాయి.

"నువ్వేం చెయ్యక్కర్లేదమ్మాయ్. రోజూ వచ్చి ఇలాగే నిలబడు. నిలబడ్డందుకు జీతం," అన్నారు మల్లేశ్వరరావు గారు.

"నిలబడితే జీతమేంటండీ," అన్నది రాఘవమ్మ. "మేం కూర్చుని నేస్తేనే సరిగ్గా ఇవ్వరు గదా."

అలా మొదలైంది. కాలవ ఒడ్డున ఒక గది అద్దెకు తీసుకుని చౌడేశ్వరమ్మ బెజవాడలో ఒంటరిగా దిగింది. పొద్దుటి నుంచి దీపాల వేళ దాకా నిలబడడమే పని. అరగంట సేపు రెప్ప తప్ప ఏదీ కదల్చకుండా ఉండడం ఆమెకు అలవడింది. మరుసటి ఏడాది షావుకారుగారు ఫొటో తీయించి ఆ బొమ్మను రంగుల్లో అచ్చు వేయించి ప్రతి చీరె మడత మీదా అంటించారు. ఆ బొమ్మ కాగితం ఒకటి భద్రంగా ఉంది. పైన కొట్టు పేరు, కింద ఊరి పేరు, నడుమ చౌడేశ్వరమ్మ. ఆమె పేరు ఎక్కడా లేదు. ఆమె మొహం తెనాలి నుంచి బందరు దాకా ఇంటింటికీ వెళ్ళింది. కానీ సంతలో ఆమె పక్కన నిలబడి వంకాయలు ఏరుకునే వాళ్ళెవరూ ఆమెను గుర్తుపట్టలేదు. వాళ్ళు చూసింది అంచును. గదికి వెళ్ళి ఇంత వండుకుని, రెండో మనిషి లేని చోట రెండో కంచం ఎందుకు కొన్నానా అనుకుంటూ తినేది.

తిరుపతిరావు గారి నాట్యమండలి ఆ రోజుల్లో డెల్టా అంతటా పేరున్న మండలి. వారి నాటకంలో రాణి వేషం సత్యం గారిది. ఆయన పురుషుడే. స్త్రీ పాత్రలు పురుషులు వేయడం అప్పటికి సర్వసాధారణం. సత్యం గారి విషయంలో జనం ఎదురుచూసే ముచ్చట మరొకటి ఉండేది. నాటకం ముగిశాక ఆయన చీరెతోనే తెర ముందుకు వచ్చి విగ్గు తీసేవారు. "ఇంతసేపూ ఏడిపించింది మొగాడా" అని పందిరి దద్దరిల్లేది. ఊరి పెద్దలు పతకం వేసేది అప్పుడే.

రాణి చీరెలు మల్లేశ్వరరావు గారి కొట్టువి. కరపత్రం అడుగున కొట్టు పేరు వేస్తే చీరెలు ఉచితం. ఒకటి మాసినా తడిసినా ఇబ్బంది లేకుండా ఒకే రకం చీరెలు రెండు ఇచ్చారు. రాఘవమ్మ ఒకే పడుగు మీద, మగ్గానికి ఒక్కసారి ఎక్కించిన నిలువు దారాల మీద, నేసిన జంట అది. రెండో చీరె నేస్తుండగా జరీ అయిపోయింది. యుద్ధం రోజులు, మళ్ళీ దొరకలేదు. అంచులో జానెడు మేర పసుపు నూలుతో పూరించింది. మడత విప్పి చూపిస్తే తప్ప మామూలు కంటికి ఆనదు. ఆ చీరెలు కట్టబెట్టడానికి కొట్టు తరఫున చౌడేశ్వరమ్మను మండలి వెంట పంపారు. పసుపు నూలు జానెడూ లోపలి కుచ్చెళ్ళలోకి పోయేటట్టు కట్టడం ఆమె నేర్పు.

"చెల్లెమ్మా, కాస్త వదులు చెయ్యి," అనేవారు సత్యం గారు. "నువ్విలా బిగిస్తే రాణి మొదటి అంకంలోనే ఊపిరాడక పోతుంది. మిగతా నాటకం రాజుగారొక్కరే ఆడుకోవాలి."

ఆమె నవ్వేది. రోజు మొత్తం మీద ఆమెతో ఎవరైనా మాట్లాడేది ఆ కాసేపే. తర్వాత తెర వెనక పెట్టె మీద కూర్చుని పద్యాలు వినేది. ఏడాది తిరిగేసరికి ప్రతి పద్యమూ, ప్రతి రాగమూ నోటికి వచ్చింది. చీరెలు మడతపెడుతూ కూనిరాగం తీస్తుంటే హార్మోనియం మేష్టారు శౌరయ్య గారు ఒకసారి విన్నారు. గుర్తుపెట్టుకున్నారు.

1944 జనవరిలో గుడివాడలో సత్యం గారి గొంతు వాచి మాట పెగలలేదు. జనం అప్పటికే చాపలు పరుచుకుని కూర్చున్నారు. తిరుపతిరావు గారు తల పట్టుకున్నారు. శౌరయ్య గారు వేలెత్తి చౌడేశ్వరమ్మను చూపించారు.

"ఆడమనిషా?" అన్నారు తిరుపతిరావు గారు. "సత్యం వస్తాడని గదండీ ఊరి కమిటీతో ఒప్పందం."

"సత్యమే వస్తాడు. ఆఖర్న వచ్చి విగ్గు తీస్తాడు. ఈలోపల పాడింది ఎవరని ఎవరడుగుతారు? చీరెలు రెండున్నాయి గదా."

అత్తకు తెలిస్తే ఏమనుకుంటుందోనన్న భయం ఒక్కటే చౌడేశ్వరమ్మ మనసులో మెదిలింది. "నా పేరు మాత్రం చెప్పకండి," అన్నది. ఆ ఒక్క మాటకు ఆమె నాలుగేళ్ళు శిక్ష అనుభవించింది.

మొదటి ప్రవేశంలో ఆమె అలవాటు కొద్దీ కొంగు చేతిమీదకు తీసి అంచు జనానికి చూపించింది. శౌరయ్య గారు హార్మోనియం మీదికి వంగి, "చీరె అమ్మకమ్మా, ఏడువు," అన్నారు మెల్లగా. రాణిని అడవిలో వదిలిపెట్టే ఘట్టం వచ్చింది. సత్యం గారైతే ఆ పద్యానికి రంగస్థలమంతా తిరిగేవారు. ఆమెకు తిరగడం రాదు. నిలబడడం వచ్చు. రెప్ప కదలకుండా నిలబడి పాడింది. ఎదురుచూసినా రాని మూడో ఉత్తరం ఆ గొంతులో ఉన్నదని ఎవరికి తెలుసు? పందిట్లో దగ్గు కూడా వినపడలేదు. ఆ తర్వాత "వన్స్ మోర్" అని మూడుసార్లు పాడించారు.

నాటకం ముగిసేసరికి ఆమె ముందే కట్టిన కుచ్చెళ్ళతో సత్యం గారు రెండో చీరెలో సిద్ధంగా ఉన్నారు. తెర ముందుకు వెళ్ళి విగ్గు తీశారు. పందిరి హోరెత్తింది. చౌడేశ్వరమ్మ లోపల పెట్టె మీద కూర్చుని మొహానికి పట్టిన రంగు కొబ్బరినూనెతో తుడుచుకుంటున్నది.

సత్యం గారి గొంతు తర్వాత బాగుపడలేదు, బొంగురుపోయింది. ఒక్క పూటకన్న ఏర్పాటు పద్ధతిగా మారింది. ప్రతి ప్రదర్శనకూ ముందు ఆమె తాను చీరె కట్టుకునేది, ఆపైన అదే లెక్కన, అన్నే కుచ్చెళ్ళతో ఆయనకు కట్టేది. జనం మోసపోవడానికి కావలసినదంతా ఆమె చేతులతోనే జరిగేది. రైల్లో మగవాళ్ళంతా ఒక పెట్టెలో ప్రయాణం చేసేవారు. ఆమె ఆడవాళ్ళ పెట్టెలో చీరెల ట్రంకుతో ఒక్కతే. ఒకసారి భీమవరం నుంచి వస్తుంటే ఎదుటి బల్ల మీద ఇద్దరు ముత్తయిదువలు మాట్లాడుకున్నారు.

"ఎంత మొగాడైనా ఆడదాని బాధ అంత బాగా ఎట్లా తెలిసిందే వాడికి?"

"వాళ్ళమ్మ దగ్గర నేర్చుకునుంటాడు."

చౌడేశ్వరమ్మ కిటికీలోంచి కొల్లేటి వైపు చూస్తూ కూర్చుంది. చెప్పుకోవాలంటే పక్కన ట్రంకు తప్ప ఏమీ లేదు. ఆ ఊళ్ళ కరపత్రాల్లో నలభై ఒకటి ఆమె మడతపెట్టి ఆ ట్రంకు అడుగున దాచింది. తన పేరు లేని కాగితాలను ఎందుకు దాచుకున్నదని అడిగితే, "ఆ రోజు నేనక్కడ ఉన్నట్టు నాకన్నా తెలియాలి గదండీ," అన్నది.

1947 నవంబరులో మంగళగిరిలో ప్రదర్శన. రాఘవమ్మ ముందు వరసలో చాప మీద కూర్చుంటుందని ఆమెకు తెలుసు. సత్యం గారికి చీరె కడుతూ, లోపలికి దోపవలసిన పసుపు నూలు జానెడు దగ్గర ఆమె చేతులు ఆగాయి. విప్పింది. తిప్పి కట్టింది. ఆ జానెడూ ఆయన రొమ్ము మీద, పైటలో, ఎదురుగా వచ్చి నిలిచింది.

"ఇవాళ వేరేగా కట్టావే," అన్నారాయన.

"మా ఊరు గదండీ," అన్నది.

ఆ నాటకానికి రెండు ఫొటోలు తీశారు. ఒకటి రాణి పాడుతున్నప్పుడు. రెండోది విగ్గు తీసి పతకం వేయించుకుంటున్నప్పుడు. మొదటి దానిలో అంచు పొడవునా జరీ తెల్లగా మెరుస్తూ ఉంది. రెండో దానిలో పతకానికి ఆనుకునే జానెడు మేర మెరుపు లేదు. పెట్రోమాక్సు వెలుగులో జరీ మెరుస్తుంది. నూలు మెరవదు.

రాఘవమ్మకు ఫొటో అక్కర్లేకపోయింది. జనం చెదిరాక తెర వెనక్కు వచ్చి పెట్టె మీద కూర్చుంది.

"పాడిన చీరె వేరు, పతకం వేయించుకున్న చీరె వేరు," అన్నది. "నేను నేసిన అంచు నాకు తెలీదూ? పాడింది నువ్వేగా."

చౌడేశ్వరమ్మ తల ఊపింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"నాలుగేళ్ళు. నువ్వేమనుకుంటావోనని దాచా అత్తా."

"నేనేమనుకుంటానో నన్నడగకుండానే అనుకున్నావుటే." రాఘవమ్మ ఆమె చెంప మీద మిగిలిన రంగు తన కొంగుతో తుడిచింది. "నా చీరె మీద కొట్టు పేరే వేసుకుంటారు, నాది వెయ్యరు. నేనేడవలా. చీరెకు నోరు లేదు. నీకుంది గదే."

మర్నాడు చౌడేశ్వరమ్మ తిరుపతిరావు గారి దగ్గరకు వెళ్ళి, ఇకమీదట కరపత్రంలో తన పేరు వేయించమని అడిగింది. అంతే అడిగింది, ఇంకేమీ అడగలేదు.

"వద్దన్నది నువ్వే గదమ్మా," అన్నారాయన.

"ఇప్పుడు కావాలంటున్నానండీ."

"ఇప్పుడు వేస్తే నాలుగేళ్ళ నుంచీ పాడింది ఎవరంటారు. ఊరూరా మోసం చేశామంటారు. మండలి పరువేం కావాలి? సరే, వచ్చే ఊరికి చూద్దాంలే."

సత్యం గారు ఆ మాటలు వింటూ గోడ వైపు తిరిగి నిలబడ్డారు. తర్వాత ఆమె వెనకాలే వచ్చి, "నువ్వు నోరు తెరిస్తే నాకు ఇంకో వేషం లేదు చెల్లెమ్మా. ఈ గొంతుకు ఎవరిస్తారు?" అన్నారు. అది నిజమే. అందుకని న్యాయం కాదు.

1948 ఫిబ్రవరిలో రేపల్లె ప్రదర్శనకు కరపత్రం వచ్చింది. రాణి: సత్యం. అడుగున కొత్తగా ఒక పంక్తి చేర్చారు. చీరె కట్టు అంటూ, అందులోనూ కొట్టు పేరే. చౌడేశ్వరమ్మ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. ట్రంకు తాళం తిరుపతిరావు గారి బల్ల మీద పెట్టి, తన కరపత్రాలు, పసుపు నూలు ఉన్న చీరె తీసుకుని స్టేషనుకు నడిచింది. ఆ చీరె రాఘవమ్మ చేతిది, డబ్బు లెక్క తర్వాత చూసుకోవచ్చునని మల్లేశ్వరరావు గారికి కబురు చేసింది. రేపల్లెలో నాటకం జరగలేదు. ఆ తర్వాత ఆ నాటకమే లేదు. ఎందుకు ఆగిందని మండలి వారిని ఎవరూ అడగలేదు.

ఆ వేసవిలోనే రాఘవమ్మ పోయింది. పాడింది ఎవరో ఒక్క అంచు చూసి చెప్పగల మనిషి ఆమె ఒక్కతే. కొట్టులో చౌడేశ్వరమ్మ నిలబడిన చోట ఇప్పుడు మద్రాసు నుంచి తెప్పించిన సున్నపు బొమ్మ అద్దాల బీరువాలో నిలబడి ఉంది. ఆమె మంగళగిరిలో అత్త మగ్గం మీద కూర్చుంటున్నది. ఇరుగుపొరుగు చెప్పేదాన్ని బట్టి మగ్గం ఆడుతుంది, పాట మాత్రం వినపడదు.

తిరుపతిరావు గారూ, సత్యం గారూ, మీ సంచిక ఇంకా అచ్చు కాలేదు. మీరు వేయబోతున్నది పాడుతున్న రాణి ఫొటో, జరీ పొడవునా మెరుస్తున్నది. పతకం ఫొటో పక్కన పెట్టి చూసుకోండి. పసుపు నూలు చీరె మంగళగిరిలో ఉంది, కావలసిన వారు వెళ్ళి జానపెట్టి కొలుచుకోవచ్చు. నలభై ఒక్క కరపత్రాలూ ఉన్నాయి. శౌరయ్య గారు బతికే ఉన్నారు, అడిగితే చెబుతారు. ఆమెకు పతకాలు అక్కర్లేదు. మీ క్షమాపణ కూడా ఆమె అడగలేదు. ఆ ఫొటో కింద కూర్చిన పేరు తీయించండి. "రాణి: మంగళగిరి చౌడేశ్వరమ్మ" అని వేయించండి. సత్యం గారూ, దిద్దుబాటు కాగితం మీద ఆ అక్షరాలు మీ చేత్తోనే రాయండి. మొదటి ప్రతి మంగళగిరికి పంపండి.