గుర్రప్పిల్లకు పోయించిన మందు

వేణ్ణీళ్ళలో వేసిన రబ్బరు గొట్టానికి ఒక వాసన ఉంటుంది. మొన్న మా ఆసుపత్రిలో కొత్తగా చేరిన అమ్మాయి గొట్టం మెత్తబడాలని బకెట్లో వేసింది. ఆ వాసనకి నాకు నర్సీపట్నం పశువుల ఆసుపత్రి, కాంపౌండరు జాన్‌రత్నం గారు గుర్తొచ్చారు. తొంభైల్లో నా మొదటి ఉద్యోగం అక్కడే. పేరుకి నేను డాక్టరుని, ఆయన నా కింద ఉద్యోగి. నాకు పని నేర్పింది మాత్రం ఆయనే. ఆ సంగతి ఒప్పుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. ఇస్త్రీ చొక్కా మీద ఒక్క మరక పడకుండా పేడలో పని చేసే మనిషి. ఆదివారం చర్చిలో పాట అందుకునే ఆ గొంతు ఆసుపత్రిలో అవసరమైతే తప్ప పెగిలేది కాదు.

కృష్ణదేవిపేట దారిలో జీడితోట ఉన్న అప్పలనాయుడు గారు ఒక ఉదయం గుర్రప్పిల్లను బండిలో తీసుకొచ్చారు. కొయ్యూరు కొండల నుంచి గుర్రాల మీద సరుకు దించే వర్తకులు, నడవలేకపోతోందని దాన్ని రోడ్డు పక్కన వదిలేసి పోయారట. ఏడాది కూడా నిండలేదు. పక్కటెముకలు బయటికొచ్చాయి, పొట్ట మాత్రం కుండలా ఉంది. కడుపునిండా ఏలికపాములే. అంతవరకూ నా చేతికి గుర్రం రాలేదు. మాకొచ్చేవన్నీ ఆవులు, గేదెలు, ఎడ్లు. దూడలకి చేసినట్టే కంటితో బరువు అంచనా కట్టి, పాముల మందు పూర్తి మోతాదు పోయమన్నాను.

"సగమేసి సూద్దామాండీ?" అన్నారు జాన్‌రత్నం గారు.

"పూర్తిగా వేస్తేనే పోతాయి" అన్నాను. ఉద్యోగంలో చేరి ఐదు నెలలు. నాకు అన్నీ తెలిసిన రోజులవి.

మర్నాడు నాయుడు గారు టేకాకులో లద్దె పొట్లం కట్టుకుని సంబరంగా వచ్చారు. మందు పనిచేసిందనడానికి అక్కడ సాక్ష్యం అదే. పురుగులు ఎన్ని పడితే డాక్టరు అంత గొప్ప. ఆకు విప్పితే జానెడేసి తెల్లటి పాములు, కుప్పగా. "మందంటే ఇదండీ!" అన్నారాయన. వరండాలో రైతులంతా మూగారు. నేను మురిసిపోయాను, దాచడమెందుకు.

జాన్‌రత్నం గారు మాత్రం ఆకు వంక చూడనే లేదు. "ఇదెప్పుడేసింది నాయుడు గారూ?"

"నిన్న సాయంకాలమండి."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత ఏటీ నేదు. మేత కూడా ముట్టలేదు. నీరసమనుకున్నాను."

జాన్‌రత్నం గారు నా వైపు తిరిగి, "బేగి ఎల్దాం పదండి" అన్నారు.

మేం వెళ్ళేసరికి అది నేల మీద పొర్లుతోంది. లేస్తుంది, తన పొట్ట వైపు తను చూసుకుంటుంది, మళ్ళీ పడుతుంది. పాములన్నీ ఒక్కసారే చచ్చి పేగుకి అడ్డం పడ్డాయి. నేను గట్టి విరేచనాల మందు తీయబోతే ఆయన వద్దన్నారు. "బలవంతంగా తోస్తే పేగు పగిలిపోద్దండి." ముక్కులోంచి గొట్టం దించి, దాని కొస చెవి దగ్గర పెట్టుకుని, ఊపిరి తగలడం లేదని, గొట్టం ఊపిరితిత్తుల్లోకి పోలేదని నిశ్చయం చేసుకున్నాక, అడ్డం మెల్లగా జారడానికి పారఫిన్ నూనె పోశారు. నేను సెలైన్ పెట్టాను. నాయుడు గారు నీళ్ళకి వెళ్ళినప్పుడు ఆయన మెల్లగా అన్నారు: "ఇలాగెందుకయిందో ఆయనకి సెప్పీండి డాక్టరమ్మా."

"రేపు చూద్దామండీ."

"రేపు బతికితే సెప్పబుద్ధవదు. సచ్చిపోతే నోరు రాదు. సెప్పడానికి ఈ పూటే ఉందండి."

నాయుడు గారు బకెట్టుతో రాగానే చెప్పాను. ఇన్ని పాములున్నాయని తెలిసీ ఒక్కసారే పూర్తి మందు పోయించానని, జాన్‌రత్నం గారు సగమే వేద్దామంటే వినలేదని, తప్పు నాదేనని. ఆయన బకెట్టు కింద పెట్టారు. "ఆకు పట్టుకుని నేను పండగ సేసుకున్నానే" అన్నారు.

మర్నాడు మధ్యాహ్నం అది ఆయన ఒళ్ళో తల పెట్టుకుని చచ్చిపోయింది. ఆయన ఏడ్చారు. నాకు ఏడుపు రాలేదు, సిగ్గేసింది. జాన్‌రత్నం గారు గొట్టం కడిగి చుట్టలా చుట్టుకున్నారు. దారిలో ఒక్క ఓదార్పు మాట అనలేదు. అందుకు ఆయన మీద అప్పట్లో కోపం కూడా వచ్చింది.

రెండు నెలలకి నాయుడు గారు గేదెదూడను తెచ్చారు. పక్కనున్న రైతొకాయన, "గుర్రాన్ని సంపీసింది ఈవిడే కదా?" అన్నాడు, నాకు వినబడేలాగే.

"ఈవిడే. తప్పు నాదని సెప్పింది కూడా ఈవిడే. నువ్వా తాడు పట్టుకో" అన్నారు నాయుడు గారు.

తర్వాత నాకు వేరే ఊరికి బదిలీ అయింది. రెండువేల సంవత్సరం దాటాక జాన్‌రత్నం గారు రిటైరయ్యారు, కొన్నాళ్ళకి పోయారు. మందు వికటించిన రోజునే, పశువు ఇంకా ఊపిరితో ఉండగానే, యజమానికి చెప్పడం నాకు అలవాటైపోయింది. ఒక్కసారి తప్ప. నక్కపల్లి దగ్గర ఒక ఆవుకి నా చేతుల్లో ఇంజెక్షన్ తారుమారైంది. మూడు రోజులు దాని పక్కనే ఉండి బతికించాను. ఎందుకలా అయిందో మాత్రం చెప్పలేదు. ఆ రైతు ఇప్పటికీ ఎక్కడ కనబడినా చెప్పులు విడిచి నాకు దండం పెడతాడు.