కార్డులో ఆంటీకి చోటు

ఈ సంగతి నేనింతవరకూ ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా రాసుకోలేదు. సింగపూర్‌లో ఉద్యోగంలో చేరిన రోజు ఒక కాగితం నింపమంటే, ‘రేస్’, అంటే జాతి, అన్న గడిలో నేను ‘బీసీ-డి’ అని రాశాను.

ఆలోచించి రాసింది కాదు. స్కూల్లో, ఎంసెట్ కౌన్సెలింగ్‌లో, స్కాలర్‌షిప్పు దగ్గర, పుట్టుక గురించి ఏ కాగితం అడిగినా మాకున్నది ఒకటే జవాబు, ఎమ్మార్వో సంతకంతో సహా. కౌంటర్ అవతలి చైనీస్ అమ్మాయి దాన్ని రెండుసార్లు చదివి, "ఇది ఏ దేశం?" అనడిగింది. ఆమె నా పాస్‌పోర్టు చూసి, నేను రాసింది కొట్టేసి, పైన ‘ఇండియన్’ అని రాసి, తరవాతి మనిషిని పిలిచింది. దాన్ని అంత తేలిగ్గా కొట్టెయ్యొచ్చని నాకప్పటిదాకా తెలీదు. పక్కకి జరగమని ఎవరో అనేదాకా అక్కడే నిలబడిపోయాను.

సాఫ్ట్‌వేర్ వాళ్ళని విమానాలు నింపి పంపుతున్న రోజులవి. మా ఆఫీసు చాంగీ బిజినెస్ పార్క్‌లో. గది మాత్రం ఊరికి ఆ కొసన, జురాంగ్ ఈస్ట్‌లో దొరికింది. రైల్లో బోలెడు చదువుకోవచ్చని సంతోషంగా ఒప్పుకున్నాను. ఇంటావిడ తెలుగామే. తాతగారు ఎప్పుడో విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చారట. అంకుల్ చైనీస్. ఒక్కతే కూతురు, పెళ్ళయి వేరే ఫ్లాట్‌లో ఉండేది. చైనీస్ భర్త. ఆదివారం అమ్మ వంటకి వచ్చేది.

మా అమ్మ ఫోన్‌లో రోజూ ఒకటే అడిగేది. "ఇంతకీ ఇంటివాళ్ళు మనవాళ్ళేనా?" పోరు పడలేక ఒకరోజు వంటగది గుమ్మంలో నిలబడి, అమ్మ అడగమందని నసుగుతూ అడిగాను.

ఆంటీ పకపకా నవ్వింది. "కులమా? తెల్దమ్మా. తాత ఓడ దిగినాక ఆ ముక్క ఎవుళికీ చెప్పలేదంట. అడిగితే కర్ర తీసేవోడంట."

తెలీదు! దాచడం కాదు, నిజంగానే తెలీదు. తన కులం తెలియని తెలుగు మనిషిని నేనదే మొదటిసారి చూడటం. ఆవిడ మాత్రం తాపీగా చింతపండు పిసుకుతోంది.

కూతురికి అప్పుడు నెలలు నిండుతున్నాయి. అక్కడ అందరి గుర్తింపు కార్డు మీదా రేస్ ఉంటుంది. తండ్రిది ఏదైతే పిల్లలకీ అదే రాయడం అప్పటిదాకా రివాజు. అందుకని ఆమె కార్డు మీద ఉన్నది ‘చైనీస్’ ఒక్కటే. బడిలో చదివిందీ చైనీసే. తెలుగు అర్థమయ్యేది గానీ జవాబు ఇంగ్లీషులోనే వచ్చేది. ఆ మధ్యే ప్రభుత్వం కొత్త వీలొకటి కల్పించింది. తల్లిదీ తండ్రిదీ రెండూ రాయించుకోవచ్చు, మధ్యలో చిన్న గీతతో.

ఒక ఆదివారం పప్పుచారు వడ్డిస్తుండగా కూతురు చెప్పింది, తన కార్డు మార్పించుకుంటానని.

"ఇప్పుడు నాకెందుకే? ఇన్నాళ్ళూ అందులో లేకపోతే మీకు కూడొండలేదా?" అంది ఆంటీ. గరిటె మాత్రం గిన్నెకీ కంచానికీ మధ్య ఆగిపోయింది.

"మా, నేను మార్చకపోతే బేబీ ఉట్టి చైనీసే. నువ్వు ఎక్కడా ఉండవు."

అంకుల్ స్పూన్ కింద పెట్టారు. రోజుకి నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువ ఆయన. "నువ్వు పుట్టినప్పుడు నన్నెవరూ అడగలేదు. చైనీస్ అని రాసేశారు. నేనూ మీ అమ్మని అడగలేదు," అన్నారు ఇంగ్లీషులో. ఆ తరవాత, "ఇండియన్ ముందు పెట్టు," అన్నారు.

"పా! ముందున్నదాన్ని బట్టే బడిలో భాష ఇస్తారు. ఇండియన్ అంటే బేబీ తమిళం చదవాలి. ఎవరు చెప్తారు?"

"మీ అమ్మ."

"అలామక్!" ఆంటీ అక్కడి మాటలో అయ్యో అని నెత్తి కొట్టుకుంది. "తమిళంలో తప్పినదాన్ని నేను! పిల్ల బతుకు పాడు చెయ్యకండి. నన్ను ఎనకాలే ఉంచండి. బస్సులో కూడా నాకు ఎనక సీటే ఇష్టం."

కూతురు నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. నేను అన్నం కలుపుతూ ఉండిపోయాను. సర్కారు తమ గురించి ఏం రాసుకోవాలో ముగ్గురు మనుషులు పప్పుచారు ముందు కూర్చుని తేల్చేస్తున్నారు.

కూతురు కొత్త కార్డు తెచ్చిన రోజు ఆంటీ దాన్ని చెయ్యి చాచి దూరంగా పట్టుకుంది. కళ్ళజోడు ఎదురుగానే ఉంది, తీసుకోలేదు. "సదువమ్మా," అని నాకిచ్చింది. పదిమందిలో పైకి చదవమంటే వణికే నేను, గొంతెత్తి చదివాను. చైనీస్, గీత, ఇండియన్.

"మళ్ళీ."

మళ్ళీ చదివాను. ఆంటీ కార్డు పట్టుకెళ్ళి వెంకటేశ్వరస్వామి పటం ముందు పెట్టి, మూల మీద కుంకుమ బొట్టు పెట్టేసింది.

"మా! అది మెషిన్‌లో పెట్టేది!"

"కొత్తది ఏటొచ్చినా బొట్టెట్టాలే. ఫ్రిజ్జికి ఎట్టలేదా?"

"నేనూ ఫ్రిజ్జూ ఒకటేనా?"

తడిగుడ్డతో తుడిచినా ఆ మూల కాస్త ఎరుపు మిగిలే ఉంది.

పాప పుట్టింది. పాప కాగితంలోనూ అవే రెండు మాటలు, అదే వరసలో. కొన్నాళ్ళకి నా ప్రాజెక్టు అయిపోయి, హైదరాబాద్ రమ్మన్నారు. వెళ్ళే రోజు అంకుల్ నా పెట్టె లిఫ్ట్‌లో పెట్టి, తలుపు మూసుకోకుండా బటన్ నొక్కిపట్టుకున్నారు. పురిటికొచ్చి అక్కడే ఉన్న కూతురు గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపింది. ఆంటీ పాపని భుజాన వేసుకుని లిఫ్ట్ దాకా వచ్చింది. నేను పాప పాదం పట్టుకున్నాను.

ఆంటీ అంది. "మీ అమ్మ అప్పుడడిగిందానికి ఇప్పుడు జవాబు చెప్పమ్మా. నేనూ, నా కూతురూ, ఈ పాపా, ఈ ఇంట్లో మనవాళ్ళు ముగ్గురున్నారని చెప్పు."