గల్లాపెట్టెలో కొంగు

ఈ రోజు పొద్దున నన్ను మా గల్లాపెట్టె అరగంట సేపు పట్టుకుని వదల్లేదు.

చిత్తూరులో మా మామగారి ఫ్యాన్సీ షాపులో ఆయన తండ్రి కాలం నాటి ఇనుప మిషనే మా గల్లాపెట్టె. పక్కనున్న పిడి తిప్పితే గంట మోగి సొరుగు బయటికి దూకుతుంది. ఇంకెలాగూ తెరుచుకోదు. రాత్రంతా ఖాళీగా తెరిచి ఉంచిన సొరుగును పొద్దున బొట్టు పెట్టి మూశాను. నా చీర కొంగు లోపల ఇరుక్కుపోయింది. పిడి మీద చెయ్యి వేశానో లేదో మామగారు అరిచారు.

"బోణీ కాకుండా గంట మోగించొద్దు! దినమంతా యాపారం ఉండదు."

లాగితే కొంగు చిరిగేలా ఉంది. వంగి నిలబడ్డాను. వచ్చిన ఇద్దరూ బస్టాండుకు దారి అడిగి వెళ్లిపోయారు.

"నేనే ఒక సబ్బు కొంటా మామా. బోణీ అయిపోతాది."

"ఇంటి మనిషి కొంటే అది బోణీ ఎట్లయితాదిమ్మా?"

చివరికి ఒకావిడ రిబ్బను కొంది. గంట మోగింది. కొంగు గ్రీజు మరకతో బయటికొచ్చింది.

షాపు విషయంలో నేను నోరు తెరిస్తే 'బయటినుంచి వచ్చినదానివి, నీకేం తెలుసు' అనే మామగారు, తొమ్మిదేళ్లలో నన్ను ఇంటి మనిషి అన్నది ఈ రోజే. అదీ నేను కదల్లేని పూట చూసి. మీ ఇళ్లలో కోడళ్లకు ఆ మాట ఎప్పుడు దక్కిందో కాస్త చెప్పండి.