వణుకుడు రేకు

మొన్న విజయనగరం బజారులో చోళ్ళు, అదే రాగులు, పట్టించుకుని, వేడి తగ్గని పిండి సంచీని ఒళ్ళో పెట్టుకుని ఆటోలో వస్తుంటే, పచ్చిపిండీ కాలిన బెల్టూ కలిసిన ఆ వాసనకి నాకు దారి తెలియలేదు. ఇల్లు దాటి చాలా దూరం పోయాక గానీ ఆటో ఆపమనలేదు. ఆ వాసన మా నాన్నది. పాతపట్నంలో ఆయనకి పిండిమర ఉండేది.

పండగలకి బియ్యప్పిండి, వానల్లో అంబలికి చోళ్ళు, ఎండలు ముదిరాక మిరపకాయలు పట్టే రోజుల్లో వీధి వీధంతా తుమ్ములు, ఇవే మా ఇంటికి రుతువులు. ఒడిశా వైపు నుంచి కూడా ఆడవాళ్ళు బుట్టలు నెత్తిన పెట్టుకుని వచ్చి, వరసలో కూర్చుని, సగం తెలుగు సగం ఒడియాలో అల్లుళ్ళని తిట్టుకుంటూ వాళ్ళ వంతు వచ్చేదాకా తాండ్ర ముక్కలు చప్పరించేవారు. మర ఆడినంతసేపూ అందరూ అరుచుకునే మాట్లాడాలి కాబట్టి ఇంటికొచ్చాక కూడా నాన్న గొంతు తగ్గేది కాదు. కనుబొమల మీద పిండి ఎంత కడిగినా మిగిలే ఉండేది.

ఆ మర గదిలోకి వణుకుడు రేకుని తెచ్చింది మావయ్య, మా అమ్మ అన్నయ్య. సరుకు ఓడలో పనిచేసే ఆయన ఒక ఏడు శివరాత్రి వెళ్ళగానే సెలవు మీద వచ్చి, ఏదో రేవులో కొన్నానంటూ పచ్చరంగు మీద తెల్లగీతలు గీసిన కిటికీ రెక్కంత రేకునీ, వేలెడైనా లేని ప్లాస్టిక్ బొమ్మల్నీ మా ముందు పెట్టాడు. కరెంటు పెడితే రేకు వణుకుతుందట, ఆ వణుకుకి బొమ్మలు వాటంతటవే నడుస్తాయట. ఏ దేశపు కరెంటుకి చేసిందో ఎవరం అడగలేదు. మర గదిలో కరెంటు గట్టిగా ఉంటుందని మావయ్య అక్కడే ప్లగ్గు పెట్టాడు. రేకు ఒక్క మూలుగు మూలిగి, పొగ వదిలి చచ్చిపోయింది. మావయ్య కొడుకు సూరిబావ ఏడుపు మొహంతో దాన్ని తీసి మర పక్కనున్న చెక్కబల్ల మీద పడేశాడు. అంతలో నాన్న మర వేశాడు. బల్ల అదిరింది, రేకు అదిరింది, పడున్న బొమ్మల్లో నిలబడ్డవి రెండో మూడో గునగునా నడిచిపోయాయి. మా ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

మావయ్య చెప్పిన ఆట ఇది. బంతి ఉన్న బొమ్మ అవతలి అంచు చేరాలి. ఎదుటి జట్టువాడు తగిలితే ఆగిపోవాలి. అయితే బంతివాడి పక్కనే ఇంకొకడు నడుస్తాడు. బంతి తనే పట్టుకుపోతాడా, పక్కవాడికి అందిస్తాడా అన్నది ఆడేవాళ్ళ ఇష్టం. ఆటకి ప్రాణం అదే. మా కష్టమల్లా ఏమిటంటే, బఠాణీ గింజంత స్పంజి బంతి మొదటి రోజే మర అదుర్లకి ఎగిరి పిండిలో కలిసిపోయింది. ఆ తర్వాత బంతి ఎవరి దగ్గరుందో అనుకోవడమే.

అనుకోవడంలో సూరిబావని మించినవాడు లేడు. నా బొమ్మ వెళ్ళి అతని బంతివాడికి తగిలితే బంతి వాడి దగ్గర లేదనేవాడు. పక్కవాడికి తగిలితే అసలు అందించనే లేదనేవాడు. నిలదీస్తే ఒకటే మాట.

“నాను మనసులో ఎప్పుడో ఇచ్చీసినాను. నీకు కనబడకపోతే నానేటి సెయ్యను?”

మనసులో మాటకి సాక్ష్యం ఎవరు చెప్తారు? నా వంతు వచ్చినప్పుడు నేనూ అదే మొదలుపెట్టాను. మర హోరుని మించిపోయిన మా కేకలకి బుట్టల వాళ్ళు విసుక్కున్నారు. నాన్న తవుడు డ్రమ్ము వైపు చెయ్యి చూపించాడు.

“ఇంకోపాలి మీ కేకలు ఇనబడినాయంటే ఈ రేకు దీనికి మూతయిపోతాది.”

నాన్న ఊరికే అనే మనిషి కాదు. డ్రమ్ము మూతికి రేకు సరిగ్గా సరిపోతుందని నాకూ తెలుసు. సూరిబావకి రేకు పోతే వీధి ఉంది, వీధిలో చెడుగుడు ఉంది. ఆడపిల్లనని నన్ను అందులోకి రానివ్వరు. ఈ రేకు మీద మాత్రం నేను నిలబెట్టిన బొమ్మ నా తరఫున పోయి ఎవడినైనా ఢీకొట్టేది. దాన్ని పోగొట్టుకుంటానేమోనని నాకు అన్నం సయించలేదు.

అప్పుడు పుల్లాట గుర్తొచ్చింది. ఏటి ఇసుకని గట్టులా పోసి అందులో పుల్ల దాస్తే ఎదుటివాళ్ళు అది ఎక్కడుందో ఊహించి చేతులు కప్పే ఆట. బల్ల పక్కన తవుడు రెండు కుప్పలు పోశాను. కుడి కుప్పలో చీపురుపుల్ల ఉంటే బంతి మొదటివాడిది, ఎడమ కుప్పలో ఉంటే పక్కవాడిది. వంతు ఉన్నవాళ్ళు ముందే దాచెయ్యాలి, చివర్లో కుప్ప విప్పేది ఎదుటివాళ్ళు. సూరిబావ ఒప్పుకోలేదు. ఎదుటివాడు ఎటు వస్తున్నాడో చూడకముందే తేల్చుకుంటే అందులో తెలివేముందన్నాడు. కోపమొచ్చినా, అతనన్నది న్యాయమే. గొణుక్కుంటూ, తవుడు ఒకరి మీద ఒకరం విసురుకుంటూ చివరికి ఇద్దరం కలిసి ఒక కట్టుబాటు చేసుకున్నాం. కుప్పల మీద తువ్వాలు కప్పాలి. బొమ్మలు నడిమి గీత దాటుతుండగా ఆడేవాళ్ళు ఒక్కసారి తువ్వాలు కింద చెయ్యి పెట్టాలి. పుల్ల మార్చినా మార్చకపోయినా పెట్టి తీరాలి. అలాగైతే ఎదుటివాళ్ళకి ఏదీ తెలియదు, తర్వాత మాట మార్చడానికీ వీలుండదు.

ఉగాదికి ముందొచ్చే కొత్తమావాస్య, దాని ముందురోజు, గది నిండా జనం ఉండగా, వంతు సూరిబావది. గీత దగ్గర అతని చెయ్యి తువ్వాలు కిందికి వెళ్ళి వచ్చింది. నా బొమ్మ వంకరగా పోయి మొదటివాడికి తగిలింది. పక్కవాడు హాయిగా అంచు చేరిపోయాడు. ఇక అంతా పుల్ల చేతిలో ఉంది. కుడి కుప్పలో ఉంటే నేను గెలిచినట్టు, ఎడమ కుప్పలో ఉంటే అతను. బుట్టల వాళ్ళు కూడా వంగి చూస్తున్నారు. నాన్న పిండి గొట్టం మీద చెయ్యి వేసి మావైపే చూస్తున్నాడు. నాకు గెలుపు మీద లేదు ధ్యాస, కేకల మీదే ఉంది. కుడి కుప్ప విప్పాను. పుల్ల అందులోనే ఉంది.

సూరిబావ నోరు తెరిచాడు. నేను కళ్ళు మూసుకున్నాను.

“మార్సుదామనుకున్నాను గానీ మార్సలేదే,” అన్నాడు నెమ్మదిగా. “నువ్వే గెలిసినావు. మళ్ళీ బొమ్మలెట్టు.”

నాన్న మూలనున్న చిరిగిన గోనెసంచి దులిపి తవుడు డ్రమ్ము మూతికి బిగించి కట్టాడు. ఇక రేకు పోదని నాకు ప్రాణం ఎంత కుదుటపడిందంటే, బల్ల చాటుకి పోయి కాసేపు ఏడ్చుకున్నాను.

ఇప్పుడు ఆ మర లేదు, నాన్న లేడు. ఆ గదిలో సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు, రేకు ఏ పాత ఇనుములో పోయిందో ఎవరికీ తెలియదు. తర్వాత నేను చాలా చోట్ల గెలిచాను. గెలిచిన చాలా చోట్ల ఎదుటివాళ్ళు లేచి వెళ్ళిపోయారు. సూరిబావ మాత్రం ఆ రోజు కదలలేదు. నెత్తి నిండా తవుడుతో నా పక్కనే కూర్చుని, నా బొమ్మల్ని కూడా తనే వరసగా నిలబెట్టాడు.