తొమ్మిదో చెంపదెబ్బ

వాంకూవర్‌లో నా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పోయిన ఆరో నెలలో ఒక హిందీ సినిమాలో తన్నులు తినే పని దొరికింది.

లంచం ముట్టని ఒక పోలీసు అధికారి కథ అది. ముంబైలో మొదలైన స్మగ్లర్ల వేట ఇక్కడి హార్బర్ దాకా వస్తుంది. వాళ్ళ దగ్గర డబ్బు తిని కంటైనర్లు వదిలేసే గుమాస్తా వేషానికి మనిషి కావాలన్నారు. నలభై దాటి ఉండాలి, హిందీ అర్థం కావాలి, కాస్త పొట్ట ఉంటే మంచిది. వాట్సాప్ గ్రూపులో వచ్చిన ఆ మెసేజ్ చూసి మా ఆవిడ నవ్వుతూ ఫోన్ నా ముందు పెట్టింది.

"అచ్చం మీ కోసమే రాసినట్టున్నారు. అప్లై చేసెయ్యండి. రోజంతా ఆ లాప్‌టాప్ ముందు కూర్చుంటే పిచ్చెక్కుద్ది మీకు."

ఆ ఆరు నెలల్లో నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. ఇంటర్వ్యూ చేసిన ప్రతివాళ్ళూ నవ్వుతూ మాట్లాడి, రెండు రోజుల తర్వాత మర్యాదగా ఈమెయిల్ పంపి వద్దన్నారు. ఆ మర్యాదంతా నాలో ఎక్కడ పేరుకుంటోందో నాకప్పుడు తెలియదు.

షూటింగ్ నది ఒడ్డున మూతపడిన ఒక చేపల గోడౌన్‌లో జరిగింది. పైన రేకుల మీద వాన. లోపల ఎప్పటివో చేపల వాసన, డీజిల్ వాసన. నేను వెళ్ళేసరికే ఫైట్ మొదలైంది. హీరో ఒక్కడు, రౌడీలు పన్నెండు మంది. మొదటి గంటలోనే ఒకతను చెక్క పెట్టెల మీద పడ్డాడు. పిక్కలోకి మేకు దిగింది. అతను అరవలేదు. గుడ్డ చుట్టి పక్కన కూర్చోబెట్టారు. నేల మీది రక్తం మీద రంపపు పొట్టు చల్లి, నెక్స్ట్ షాట్ అన్నారు.

ఫైట్ మాస్టర్ మద్రాసులో పెరిగిన తెలుగాయన. యాభై ఐదేళ్ళుంటాయి. ఎడమ చేతి రెండు వేళ్ళు వంగవు.

"ఏ ఊరు సార్ మీది?"

"తెనాలి దగ్గర."

"మనోళ్ళే అన్నమాట. చూడండి సార్, చెయ్యి వచ్చినప్పుడు తల ఇట్లా తిప్పేయాల. ముందే తిప్పితే దొంగ దెబ్బని తెలిసిపోతుంది. లేటుగా తిప్పితే పన్ను ఊడుతుంది. సౌండు మేం తర్వాత వేసుకుంటాం, మీకేం భయం లేదు."

నా సీను చిన్నది. హీరో నన్ను మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, కంటైనర్ ఎవరిదని అడుగుతాడు. నేను తెలియదంటాను. అతను కొడతాడు. అంతే.

మూడు టేకుల్లో అతని చెయ్యి నా ముఖానికి బెత్తెడు దూరంలోంచి వెళ్ళింది. డైరెక్టర్ మానిటర్ వెనకనుంచి లేచి, ఈయన కళ్ళలో భయమే లేదన్నాడు. హీరో వంగి నా చెవిలో హిందీలో అన్నాడు. "భాయ్‌సాబ్, ఒక్కటి నిజంగా వేస్తాను. ఏమీ అనుకోకండి."

నేను తలూపాను.

ఆ దెబ్బకు మొదట నొప్పేమీ తెలియలేదు. తెల్లగా ఏదో మెరిసింది. తర్వాత ఎడమ చెవిలో సన్నగా, ఆగకుండా ఒక ఈల. చెంప లోపలి భాగం పళ్ళకు కోసుకుని నోట్లో ఉప్పగా తగిలింది.

"సూపర్! ఇంకొక్కటి!" అన్నాడు డైరెక్టర్.

ఐదోది కూడా నిజం దెబ్బే. ఆరోదీ అంతే. ఒక్కో టేకుకీ అతని చెయ్యి బరువెక్కుతోంది. ఏడోదానికి ఫైట్ మాస్టర్ ముందుకొచ్చాడు. "చాలు సార్. దెబ్బ చెవికి తగులుతోంది." ఎవరూ పట్టించుకోలేదు. ఇంకో టేకు ఓకేనా అని డైరెక్టర్ నన్నే అడిగాడు. ఓకే అన్నాను. ఎందుకన్నానంటే, ఆరు నెలల తర్వాత ఒక మనిషి నన్ను చూసి సూపర్ అన్నాడు. ఇంతకంటే కారణం లేదు.

తొమ్మిదో టేకులో హీరో నా జుట్టు పట్టుకుని తల వెనక్కి వంచాడు. మీలాంటి వాళ్ళ వల్లే దేశం ఇలా తయారైందన్న డైలాగు చెబుతుంటే ఉమ్మి నా కంట్లో పడింది. తర్వాత కొట్టాడు.

నేను ఎప్పుడు లేచానో నాకు తెలియదు. నా పిడికిలి అతని ముక్కు మీద పడింది. లోపల ఏదో పటుక్కుమనడం చేతికి తెలిసింది. అతను వెల్లకిలా పడి, ఇనుప బండి అంచుకు తల తగిలి, పక్కకు ఒరిగాడు. నేను అతని ఛాతీ మీద కూర్చున్నాను. మళ్ళీ కొట్టాను. మళ్ళీ. అతను చేతులు అడ్డం పెట్టుకున్నాడు. ఆ చేతుల సందులోంచి కొట్టాను. నిజం చెప్పాలంటే హాయిగా ఉంది. ఒంట్లోంచి జ్వరం దిగిపోతున్నట్టుంది.

అతని బాడీగార్డులు ఇద్దరు నన్ను చంకల కింద పట్టుకుని బయట ఒక కంటైనర్ వెనక్కి ఈడ్చుకెళ్ళారు. వానలో, బురదలో పడేసి బూటు కాళ్ళతో తన్నారు. నిజం తన్నులను ఎలా తప్పించుకోవాలో ఎవరూ నేర్పలేదు కాబట్టి తలను చేతుల్లో దాచుకుని ముడుచుకున్నాను. పక్కటెముక విరిగినప్పుడు ఊపిరి లోపలికి రాలేదు. అప్పుడు ఒక బరువు నా మీద పడింది. ఫైట్ మాస్టర్. నన్ను కప్పేసి పడుకుని అరుస్తున్నాడు.

"చంపేస్తార్రా? చంపేస్తారా మనిషిని?"

రెండు తన్నులు ఆయనకు తగిలాక గానీ ఆగలేదు వాళ్ళు.

పక్క యార్డు సెక్యూరిటీ గార్డ్ కంచెలోంచి ఇదంతా చూసి ఫోన్ చేశాడట. కాసేపట్లోనే పోలీసు కారు వచ్చింది. పొడుగాటి ఆడ ఆఫీసరు దిగింది. ప్రొడక్షన్ మేనేజర్ గొడుగుతో ఎదురెళ్ళి, షూటింగ్ మేడమ్, ఫైట్ సీను అని నవ్వాడు. ఆమె అతన్ని దూరంగా నిలబడమని చెప్పి, నా పక్కన గొంతుక్కూర్చుంది.

"ఈ రక్తం నిజమేనా?" అని అడిగింది ఇంగ్లీషులో.

"మేకప్," అన్నాను.

"మేకప్‌కి కన్ను ఇలా వాచదు. నిన్ను ఎవరు కొట్టారు? ఇక్కడ నీ మాట ఎవరికీ వినపడదు. చెప్పు."

ఆమె తొందరపెట్టలేదు. టోపీ అంచు నుంచి నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. గోడౌన్ తలుపు దగ్గర హీరో ముక్కులో దూది పెట్టుకుని నిలబడ్డాడు. పోలీసు డ్రెస్సులోనే ఉన్నాడు. నాకేసి చూస్తున్నాడు. నా కళ్ళలో కనబడాలని డైరెక్టర్ అడిగిన భయం అతని కళ్ళలో ఉంది. వాళ్ళు చేసింది చెబితే నేను చేసింది కూడా చెప్పాలి.

"పడిపోయాను," అన్నాను.

ఆమె నా ముఖంలోకి కాసేపు చూసి లేచింది. అంబులెన్సును మాత్రం పిలిపించి, అది వచ్చేదాకా అక్కడే నిలబడింది.

కర్ణభేరికి చిల్లు పడిందన్నారు డాక్టర్లు. మా ఆవిడకు కూడా మెట్ల మీంచి జారానని చెప్పాను. ఆమె నమ్మలేదు. మళ్ళీ అడగనూ లేదు.

మరుసటి ఏడు వసంతంలో సినిమా వచ్చింది. ఆదివారం మ్యాట్నీకి మా ఆవిడ, పదకొండేళ్ళ మా అమ్మాయి, నేను పక్క ఊరు సర్రీలోని హాల్లో చూశాం. హాలు నిండిపోయింది. నేను తెర మీద కనిపించేది నిమిషం లోపే. ఎనిమిదో టేకు వాడారు. చెంపదెబ్బకు కట్టె విరిగినంత చప్పుడు కలిపారు. ఈలలు, చప్పట్లు. వెనకనుంచి ఎవరో "ఔర్ మార్!" అని అరిచారు. మోకాళ్ళ మీద వణుకుతున్న ఆ లావుపాటి లంచగొండిని చూస్తే నాకే అసహ్యం వేసింది. ఇంకొకటి వెయ్యి అని నాకూ అనిపించింది.

మా అమ్మాయి చేతులతో ముఖం మూసుకుంది. "డాడ్, దట్ వాజ్ రియల్, రైట్?"

ఇద్దరం లేచి బయటికొచ్చాం. లాబీలో కార్పెట్ మీద గోడకానుకుని కూర్చుని, జరిగినదంతా మొదటిసారి చెప్పాను.

"వై డిడ్న్ట్ యూ టెల్ ద పోలీస్?"

"నేనూ కొట్టాను కదమ్మా. వాడు కిందపడ్డాక కూడా కొట్టాను."

"హౌ మెనీ టైమ్స్?"

"నాలుగు. ఐదేమో."

"బట్ యూ వర్ స్కేర్డ్."

"లేదు. భయమేయలేదు. అప్పుడు బాగానే ఉంది నాకు."

అది చెప్పకుండా ఉండాల్సిందేమో. తల తిప్పి చూస్తే మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి వింటోందో తెలియదు.

"ఏడాదైంది," అంది. "ఒక్క ముక్క చెప్పలేదు మీరు నాకు."

కారు తనే నడిపింది. ఆ రాత్రి ఆమె నా చొక్కా పైకెత్తి, పక్కటెముక అతికిన చోట ఎత్తుగా మిగిలిన ఎముకను వేలితో తడిమింది.

జూన్‌లో నాకు ఉద్యోగం దొరికింది. ఎడమ చెవికి వినికిడి పూర్తిగా రాలేదు, మీటింగుల్లో కుడి చెవి అందరివైపు ఉండేలా కుర్చీ చూసుకుని కూర్చుంటాను. మా అమ్మాయి చాలా రోజులు మామూలుగానే మాట్లాడింది, నవ్వింది, హోంవర్క్ చూపించింది. కాకపోతే నేను ఏ పనికైనా గబుక్కున చెయ్యెత్తితే, మాట మధ్యలో ఆపేసేది. అది మానడానికి దాదాపు ఏడాది పట్టింది.