ఇరవై మూడేళ్లకే మోకాళ్ల నొప్పులు

ఆ రోజుల్లో మా శామీర్‌పేటలో ఎవరైనా పుస్తకం పట్టుకుని కనిపిస్తే, పరీక్ష రాస్తున్నాడనో, కోర్టు కేసులో ఇరుక్కున్నాడనో అనుకునేవారు. ఊరికే చదువుతున్నాడంటే ఇంట్లోవాళ్లను పక్కకు పిలిచి సంగతి కనుక్కునేవారు. నా మీద ఎవరికీ అలాంటి అనుమానం రాలేదు. ఎనిమిదో తరగతి సగంలో బడి మానేసి (ఎందుకు రావడం లేదని బడివాళ్లు ఒక్కసారి కూడా అడగలేదు, వాళ్ల మర్యాద వాళ్లది) కరీంనగర్ రోడ్డు మీద బోరు మోటార్లు బాగుచేసే దుకాణంలో చేరాను. కాలిపోయిన మోటారు విప్పడం, మాడిన రాగితీగ తీసేయడం, కొత్త తీగ చుట్టడం మా పని. ఎండాకాలంలో నీళ్లు తగ్గేవి, మోటార్లు కాలేవి, మాకు పండుగ. పక్కవాడి కష్టం మీద బతికే వృత్తుల్లో డాక్టర్ల తర్వాత మేమే.

దుకాణం నడిపే మా ఉస్తాద్‌కు ఒక అలవాటు ఉండేది. చేతికంటిన గ్రీజును గుడ్డతో తుడుచుకోడు, కాగితంతోనే తుడుచుకుంటాడు. అందుకని చిత్తుకాగితాలు గోనెసంచి నిండా తెప్పించి మూలన పెట్టేవాడు. ఓసారి ఆ సంచిలో అట్ట లేని పుస్తకం వచ్చింది. ముందు పదహారు పేజీలు లేవు కనుక దాని పేరు తెలియదు, రాసినాయన పేరూ తెలియదు. చివర ఎన్ని పోయాయో మా ఉస్తాద్ చేతులకే తెలియాలి. రాసింది ఎవరో పెద్దాయన. అందులో రాజులు లేరు, దొంగలు లేరు, ప్రేమ అసలే లేదు. తనకు వయసు మీద పడుతోందన్న సంగతి తప్ప ఆయనకు మరో సంగతి లేదు. మెట్ల ముందు నిలబడి మోకాళ్లతో జరిపే సంప్రదింపులు. వంగి కాలిగోళ్లు తీసుకోవడం (దీనికి నాలుగు పేజీలు). క్షవరం చేసే అతను తల మీద కంటే చెవుల మీద ఎక్కువసేపు పనిచేస్తున్న వైనం. ఫ్యాను రెండు మీద ఉండాలని ఆయన, నాలుగు మీద ఉండాలని ఆవిడ, చివరికి మూడు మీద పెట్టుకుని ఇద్దరూ బాధపడటం.

మొదట నేను దాన్ని వెక్కిరించడానికే చదివాను. మోటారు కోసం వచ్చిన రైతులు బెంచీ మీద కూర్చుంటే గొంతు వణికించి చదివేవాణ్ని, వాళ్లు నవ్వేవారు. "అరేయ్, గోర్లు తీసుకునుడు మీద బుక్కు రాసిండా? పనిలేదారా ఆయనకు?" అని ఉస్తాద్ ఆశ్చర్యపోయేవాడు. నెల తిరిగేసరికి మధ్యాహ్నం అన్నం తిన్నాక, ఎవరూ లేనప్పుడు కూడా చదువుతున్నానని నాకే తెలిసింది. సంచిలో ఉంటే ప్రమాదమని పుస్తకాన్ని నా టిఫిను డబ్బా కింద దాచాను. రాజులూ దొంగలూ లేకుండా కూడా మనిషి ఇంత మాట్లాడవచ్చని నాకెవరూ చెప్పలేదు.

నాకు ఇరవై మూడేళ్లు వచ్చాయని అప్పుడే మా మేనత్త అలియాబాద్ నుంచి సంబంధం తెచ్చింది. పిల్ల పది పాసయింది. నేను ఎనిమిది కూడా పూర్తి చేయలేదు. పిల్లను చూడటానికి వెళితే, తల వంచుకుని కూర్చోవలసిన పిల్ల తల ఎత్తి, "ఏమన్న సదువుతరా?" అని నన్నే అడిగింది. నేను నోరు తెరిచేలోపే మేనత్త అందుకుంది. "మా అల్లుడా? ఎప్పుడు జూసినా బుక్కే! అన్నం తినేటప్పుడు సుత బుక్కే!" పిల్ల కళ్లలో చిన్న వెలుగు కనిపించింది. ఆ వెలుగు చూశాక నాకు ఈ సంబంధం తప్ప ఇంకేమీ అక్కర్లేదనిపించింది. ఆ వెలుగు మేనత్త ఆడిన అబద్ధానికి వచ్చిందా, అందులో ఉన్న కాస్త నిజానికి వచ్చిందా అన్నది అప్పుడు ఆలోచించలేదు.

వారం తర్వాత పిల్ల తండ్రి, తాత కలిసి మా ఇల్లు చూడటానికి వచ్చారు. మేనత్త నన్ను ముందే వంటింట్లోకి గుంజి హెచ్చరించింది. "గోడకు మేకు కొట్టినట్టు కూసోకు. సదివిన ముచ్చట్లు రెండు జెప్పు. సదువుకున్నోని లెక్క గొడ్తది." నేను చదివింది ఒకటే పుస్తకం. అది నాకు కంఠస్థం. ఇంక భయమెందుకు?

"పని ఎట్ల నడుస్తాంది బాబూ?" అన్నాడు పిల్ల తండ్రి.

నేను నిట్టూర్చాను (నిట్టూర్పు కూడా పుస్తకంలోదే). "ఏముంది మామా, రోజులు గడుస్తున్నయ్. మెట్లెక్కేటప్పుడే వయసు తెలుస్తాంది."

ఆయన టీ గ్లాసు నోటి దగ్గరే ఆగిపోయింది. తాత మాత్రం కుర్చీ ముందుకు జరిపాడు. "నిజం జెప్పినవ్ బిడ్డా! దిగుడు ఇంకా కష్టం."

"ఎక్కేటప్పుడు మోకాళ్లను బతిమిలాడాలె తాతా. దిగేటప్పుడు దేవున్ని."

"నిద్ర వడ్తదా?"

"నాలుగింటికే మెలకువ. ఇగ పాలోడు ఎప్పుడొస్తడా అని సుట్టాల కోసం జూసినట్టు జూసుడే."

"అరెరె! నాది సుత గదే కథ!" తాత నా చెయ్యి పట్టుకున్నాడు. చెవుల మీద వెంట్రుకల గురించి మాట్లాడుకున్నాం. కాలిగోళ్ల గురించి చాలాసేపు మాట్లాడుకున్నాం. గుమ్మం పక్కనుంచి మేనత్త కళ్లు పెద్దవి చేసి తల అడ్డంగా ఊపుతోంది. మెచ్చుకుంటోందనుకుని ఫ్యాను సంగతి కూడా ఎత్తుకున్నాను. వెళ్లేటప్పుడు తాత, ఇంత మంచి ముచ్చట పెట్టి పదేళ్లయిందన్నాడు. పిల్ల తండ్రి మాత్రం మా గడప దాటేటప్పుడు వెనక్కి తిరిగి నా కాళ్ల వంక చూశాడు.

మూడో రోజు మేనత్త ఆటో దిగి నేరుగా దుకాణానికే వచ్చింది. "ఏం కూసినవ్‌రా? పిల్లగానికి మోకాళ్లల్ల గుజ్జు అయిపోయిందట. నిద్ర వడ్తలేదట. గోర్లు సుత తీసుకోనీకి రాదట. అలియాబాద్ మొత్తం గిదే ముచ్చట!"

"తాత ఏమన్నడత్తా?"

"గాయననే కొంప ముంచిండు. ఇస్తె గా పిల్లగానికే ఇయ్యాలె, గాడు నా తోటోడు అంటుండట! గా మాటతోని పిల్ల నాయిన ఇంకింత పరేషాన్ అయిండు."

ఉస్తాద్ చేతులు తుడుచుకుంటూ, "రాత్రికి రాత్రే అరవై నిండినయిరా నీకు," అన్నాడు.

ఆలోచిస్తే నా ముందు రెండే దారులున్నాయి. ఊరుకుంటే రోగిని. పుస్తకం చూపిస్తే ఇంకొకరి మాటలు నావని చెప్పుకున్న దొంగను. రోగికి ఎవరూ పిల్లనివ్వరు. దొంగకు కనీసం మోకాళ్లు బాగుంటాయి. పుస్తకం చొక్కా లోపల దోపుకుని, మోకాళ్ల సత్తా ఊరంతా చూడాలని బస్సెక్కకుండా సైకిల్ మీద బయలుదేరాను. ఎదురుగాలి. వాళ్ల వాకిట్లో దిగేసరికి మాట రావడం లేదు, రొప్పుతున్నాను. "మెల్లగ, మెల్లగ," అంటూ పిల్ల తండ్రి పరుగున వచ్చి నా జబ్బ పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టాడు. కింద మెత్త కూడా వేశాడు.

పిల్ల నీళ్లు తెచ్చింది. చెంబు అందుకుని పుస్తకం ఆమె చేతిలో పెట్టాను. "ఈ ముచ్చట్లేవీ నాయి కావు. అన్నీ గీ బుక్కులయే," అన్నాను. ఆమె తలుపుకు ఆనుకుని పేజీలు తిప్పింది. గోళ్ల దగ్గర ఆగింది. పెదవి బిగబట్టింది, ఆగలేదు, పైకే నవ్వింది. "ఏందమ్మా?" అని తండ్రి అడిగితే బయటికి చదవడం మొదలుపెట్టింది. రెండు వాక్యాలు కాకముందే మంచం మీది తాత లేచి కూర్చున్నాడు.

"గిది మొన్న గీయన జెప్పిందే గద!"

"అవు తాతా. బుక్కుల ఉన్నది," అంది ఆమె.

తాత నా వైపు తిరిగాడు. "అంటే నీకు మోకాళ్ల నొప్పుల్లేవా?"

"లేవు తాతా."

"ఒక్క మోకాలు సుత?"

ఆ ముఖం చూసి ఒకటి ఉందని చెబుదామనుకున్నాను. పిల్ల తండ్రి చూస్తున్నాడు కనుక చెప్పలేదు. పదేళ్ల తర్వాత దొరికిన స్నేహితుణ్ని పోగొట్టుకున్నవాడిలా ఆయన మళ్లీ గోడవైపు తిరిగి పడుకున్నాడు. పిల్ల మాత్రం చివరిదాకా తిప్పి, "ఆఖరి పేజీలేవి?" అని అడిగింది.

"మా ఉస్తాద్ చేతులు తుడుసుకున్నడు."

"ఇంకో బుక్కు?"

"లేదు. గిదొక్కటే."

ఆమె తండ్రి వైపు తిరిగి, తీర్పు చెప్పినట్టు చెప్పింది. "సదువుతడన్నది అబద్ధం కాదు నాయినా. ఉన్న ఒక్కటీ మంచిగనే సదివిండు."

తండ్రి ఆ మాట ఒక్కటీ నమ్ముకుని పిల్లనిచ్చే మనిషి కాదు. మరునాడు, బోరు మోటారు కాలిందని చెప్పి నన్ను పొలానికి పిలిపించాడు. ఇద్దరు మనుషులను తోడిచ్చి, పైపులతో సహా మోటారును పైకి గుంజించాడు. తాను గట్టు మీద కూర్చుని మోటారును కాక నా మోకాళ్లనే చూశాడు. విప్పి చూస్తే మోటారు నిక్షేపంగా ఉంది. ఆ సంగతి ఆ ఇంట్లో ఇప్పటికీ ఎవరూ ఒప్పుకోరు. ముహూర్తం మాత్రం ఆ సాయంత్రమే అడిగించారు.

పెళ్లయ్యాక నేను అలియాబాద్ వెళ్లినప్పుడల్లా తాత ఆ పుస్తకం చదివించుకునేవాడు. నామీద కోపం అప్పటికే పోయింది. చివరి వ్యాసం వాక్యం మధ్యలో తెగిపోయేది. అక్కడ నేను ఆగగానే మిగతాది ఆయన అందుకునేవాడు, ప్రతిసారీ వేరే రకంగా, తన నొప్పులతో. ఆయన పోయాక పుస్తకం మా ఇంటికి వచ్చింది. ఇన్నేళ్లలో నేనూ, మా ఆవిడా చాలా పుస్తకాలు కొన్నాం. అది మాత్రం గూట్లో అట్ట లేకుండానే ఉంది.

ఇప్పుడు మా ఇంట్లో ఫ్యాను మూడు మీద తిరుగుతోంది. ఇద్దరమూ బాధపడుతున్నాం. మొన్న మేడ మెట్ల మధ్యలో ఆగి, గోడ పట్టుకుని, "మోకాలు సతాయిస్తాంది," అన్నాను. పైమెట్టు మీదున్న మా ఆవిడ వెనక్కి కూడా చూడలేదు.

"ఏ పేజీ?" అంది.

కిందికి దిగి (మెల్లగా) గూట్లోంచి తీసి, కళ్లద్దాలు పెట్టుకుని వెతికాను. మెట్లున్నాయి, మోకాళ్లున్నాయి, కానీ ఎడమ మోకాలు లోపలివైపు, ఎక్కేటప్పుడు కాక ఎక్కడం ఆపినప్పుడు వచ్చే ఈ నొప్పి ఎక్కడా లేదు. పెద్దాయన దీన్ని వదిలిపెట్టి ఉండడు. ఆ పేజీతో మా ఉస్తాద్ చేతులు తుడుచుకుని ఉంటాడు.